పది తర్వాత చేతిపని చదువు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల పిల్లలు చేరేముందు, చేరాక

పదో తరగతి అయ్యాక చేతిపని నేర్చుకుంటూ చదవడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి: ఇంటర్ ఒకేషనల్, ఐటీఐ (పారిశ్రామిక శిక్షణ సంస్థ), పాలిటెక్నిక్. ఊళ్ళలో ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి టెక్నికల్ చదువు అనేస్తుంటారు. కానీ ఒక్కోదాని సర్టిఫికెట్ ఒక్కో చోట చెల్లుతుంది. చేరాక మారితే ఒక ఏడాది పోతుంది కాబట్టి, పది ఫలితాలు రాకముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి.

ఇంటర్ ఒకేషనల్ రెండేళ్ళు. పరీక్ష పెట్టేది ఇంటర్మీడియట్ బోర్డే, పాసైతే ఇంటర్ పాసైనట్టే, డిగ్రీలో చేరొచ్చు. ఇంగ్లిష్, జనరల్ ఫౌండేషన్ కోర్సుతో పాటు వృత్తి పేపర్లు, ప్రాక్టికల్స్, బయట పనిచోట శిక్షణ ఉంటాయి. చాలామందికి సెకండియర్ దాకా తెలియని సంగతి ఒకటుంది. ఒకేషనల్ చదివి ఈఏపీసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా ఇంజనీరింగ్‌కు వెళ్ళాలనుకుంటే బ్రిడ్జి కోర్సు పేపర్లు అదనంగా రాసి పాసవ్వాలి. చేరిన వారంలోనే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి, ఆ పేపర్లకు ఫీజు ఎప్పుడు కట్టాలో అడిగి రాసుకోండి. మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు తీసుకునేవాళ్ళు రెండేళ్ళతో చదువు అయిపోయిందనుకోకూడదు. ఆ తర్వాత ఆస్పత్రిలో ఒక ఏడాది అప్రెంటిస్‌షిప్ (పనిచోట చేసే శిక్షణ) చేసి, పారామెడికల్ బోర్డులో పేరు నమోదు చేయించుకుంటేనే ల్యాబులో ఆ సర్టిఫికెట్‌కు విలువ.

ఐటీఐకి ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి మార్కుల మీదే సీటు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్ళు. వెల్డర్, కోపా (కంప్యూటర్ ఆపరేటర్) ఒక ఏడాది. కనీస వయసు 14 ఏళ్ళు. సిలబస్ కేంద్రానిది, సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్ళు. దానికి పాలీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి: రెండు గంటల్లో 120 ప్రశ్నలు, అందులో లెక్కలు 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30. డిప్లొమా తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్ళొచ్చు. లెక్కలు బాగా వచ్చే పిల్లలు పాలీసెట్ రాయకుండా ఐటీఐకి వెళ్ళడం సరికాదని మా గట్టి నమ్మకం. రాసి సీటు రాకపోతే ఐటీఐ ఎలాగూ ఉంది.

ఇక ఏ ట్రేడు, అంటే ఏ చేతిపని? స్నేహితుడు తీసుకున్నాడని తీసుకోకండి, చుట్టుపక్కల ఏం పని నడుస్తోందో చూడండి. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్లు రాత్రంతా తిరగాలి. చీకట్లో నీటిలోని నాచు ఆక్సిజన్ తయారు చేయకపోగా ఉన్నదాన్నే వాడుకుంటుంది, తెల్లారేముందు ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళలో మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు మిగతా రెండింటి మీద ఎక్కువ కరెంటు లాగి వైండింగ్ కాల్చుకుంటుంది. ఒక ఫేజు పోగానే మోటారును ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్‌ను సరిగ్గా బిగించి, ఎక్కువ కరెంటు లాగితే ఆపే ఓవర్‌లోడ్ రిలేను మోటారు ఆంపియర్లకు తగ్గట్టు పెట్టగల ఎలక్ట్రీషియన్‌కు అక్కడ పని కరువుండదు. చీమకుర్తి క్వారీల్లో కంప్రెసర్లు, క్రేన్లు, ఎక్స్‌కవేటర్లు ఉంటాయి కాబట్టి అటు డీజిల్ మెకానిక్, ఫిట్టర్ పనికొస్తాయి. కృష్ణపట్నం పోర్టు, నేలటూరు థర్మల్ కేంద్రం వైపు ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ ముగ్గురికీ చోటుంది.

సీటు ఖాయం చేసుకునేముందు వర్క్‌షాపును కళ్ళారా చూడండి. అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి బ్రోచర్ ఇస్తే సరిపెట్టుకోకండి. పనిదినం ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో వెళ్ళి, అనుమతి అడిగి లోపలికి నడవండి. ఐటీఐ సిలబస్ ప్రకారం ఏడాదికి 1200 గంటల్లో 840 గంటలు ప్రాక్టికలే. అంటే పది పూటల్లో ఏడు పూటలు పిల్లలు పనిముట్టు పట్టుకుని ఉండాలి. ఆ వేళకు షాపు తాళం వేసి ఉంటే విషయం అర్థమైనట్టే. ఫిట్టర్ షాపులో బ్యాచ్‌కు 20 మంది ఉంటారు, ఇనప ముక్కను బిగించి పట్టే బెంచి వైసులు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. ఆకురాళ్ళు (ఇనుమును రుద్దే ఫైళ్ళు) కొంత అరిగి, బెంచీల కింద ఇనప రజను రాలి ఉంటే అక్కడ పని జరుగుతోందన్నమాట. అన్నీ కొత్తగా మెరుస్తుంటే అనుమానించండి. వెల్డింగ్ బూతుల దగ్గర వాడేసిన రాడ్ల ముక్కలున్నాయా? ఎలక్ట్రికల్ షాపులో విప్పి ఉంచిన మోటారు, దాన్ని మెల్లగా మొదలుపెట్టించే స్టార్ డెల్టా స్టార్టరు, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ కనిపిస్తున్నాయా? సీనియర్ పిల్లల్ని పక్కకు పిలిచి, నిన్న ఏం జాబ్ (ప్రాక్టికల్ పని) చేశారో అడగండి. చేసినవాళ్ళు టక్కున చెబుతారు.

ప్రైవేటు ఐటీఐ అయితే ఆ ట్రేడుకు, ఆ ఏడాదికి ఎన్‌సీవీటీ (జాతీయ వృత్తి శిక్షణ మండలి) గుర్తింపు ఉందో లేదో పోర్టల్‌లో చూడాలి. ఒక ట్రేడుకు ఉండి ఇంకోదానికి లేకపోవచ్చు. రోజూ రానక్కర్లేదు, పరీక్షకు వస్తే చాలు అనేవాళ్ళ దగ్గర డబ్బు కట్టకండి. పరీక్షకు కూర్చోవాలంటే 80 శాతం హాజరు ఉండాలి, పైగా ప్రాక్టికల్‌లో పాసవ్వడానికి 60 శాతం మార్కులు కావాలి. థియరీకి 33 చాలు. పుస్తకం బట్టీపట్టి గట్టెక్కడం కుదరదు. అందుకే ఇంటి నుంచి రానూపోనూ మూడు నాలుగు గంటలు పట్టే చోట సీటు తీసుకోవడం కన్నా, హాస్టల్ దొరికే చోటు మేలు. ఉదయగిరి, కనిగిరి వైపు పిల్లలు దీన్ని ముందే ఆలోచించుకోవాలి.

కాగితాల సంగతి: పదో తరగతి మార్కుల మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, ఫొటోలు. వీటిలో ఇబ్బంది పెట్టేది ఆధార్. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉన్నా, పుట్టిన తేదీ తేడాగా ఉన్నా, శిక్షణార్థిగా నమోదు చేసేటప్పుడు ఆగిపోతుంది. తర్వాత హాల్ టికెట్ దగ్గర మళ్ళీ ఇదే తంటా. ఎండాకాలం సెలవుల్లోనే ఆధార్‌ను మెమో ప్రకారం మార్పించండి, మెమోను ఆధార్ ప్రకారం మార్చాలని చూడకండి.

చేరాక మొదటి రెండు మూడు నెలలే అసలు గండం. ఫిట్టర్ పిల్లలకు వారాల తరబడి ఇనప ముక్కను ఆకురాయితో రుద్దించడమే ఉంటుంది. విసుగెత్తి మానేసేవాళ్ళు అప్పుడే మానేస్తారు. కానీ చదునుగా రుద్దడం వచ్చినవాడికే తర్వాతి పనులన్నీ వస్తాయి. ట్రై స్క్వేర్ (మూలమట్టం) ఆనించి వెలుతురుకు పెట్టి చూస్తే చాలామంది ముక్క అంచుల దగ్గర దిగి, మధ్యలో ఉబ్బి ఉంటుంది. ఆకురాయి ముందుకు పోయేటప్పుడు ఊగడమే దానికి కారణం. మోచేయి వైసు ఎత్తుకు సమంగా ఉండాలి. మొదట్లో ముందు చేతి మీద బరువు ఎక్కువ, దెబ్బ (ఆకురాయిని ఒకసారి తోయడం) చివరికి వచ్చేసరికి వెనక చేతి మీద ఎక్కువ ఉండాలి. కోసేది ముందు దెబ్బే, వెనక్కి తెచ్చేటప్పుడు నొక్కకూడదు, నొక్కితే పళ్ళు మొద్దుబారతాయి.

వెల్డర్లకు 3.15 మిల్లీమీటర్ల మామూలు రాడ్డుకు సుమారు 90 నుంచి 130 ఆంపియర్లు. తక్కువ పెడితే రాడ్డు అతుక్కుంటుంది, ఎక్కువైతే అంచు తినేస్తుంది, పల్చటి రేకుకు కన్నం పడుతుంది. మనది సముద్రపు గాలి. తెరిచి వదిలేసిన రాడ్లు చెమ్మ పట్టి, అతుకులో బుడగల రంధ్రాలు వస్తాయి. చెమ్మ అసలు పనికిరాని లో హైడ్రోజన్ రకం రాడ్లనైతే వాడేముందు ఓవెన్‌లో వేడిచేసి తీరాలి. పక్కవాడు అతుకు పెడుతుంటే వెల్డింగ్ నల్ల అద్దం లేకుండా చూడకండి. అప్పటికి ఏమీ అనిపించదు, రాత్రికి కళ్ళు మంటలెత్తి నీరు కారతాయి. స్లాగ్ (అతుకు మీద గట్టిపడ్డ పెచ్చు) కొట్టేటప్పుడు తెల్ల గాగుల్స్ వేరే కావాలి, వేడి పెచ్చు ఎగిరి కంట్లో పడుతుంది. నూలు బట్టలు, మూసిన బూట్లు తప్పనిసరి. ఆడపిల్లలు చున్నీ తీసి, జడ ముడి వేసుకోవాలి.

ఎలక్ట్రీషియన్లు మోటారుకు సప్లై ఇచ్చేముందు 500 వోల్టుల మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూడాలి. ఒక మెగోమ్ కన్నా తక్కువ చూపిస్తే ఆరబెట్టాలి, నడపకూడదు. స్టార్ డెల్టాలో మోటారు నుంచి వచ్చే ఆరు లీడ్లకూ (తీగలకూ) ముందే నంబర్లు కట్టుకోండి. స్టార్‌లో బాగానే తిరిగి, డెల్టాకు మారగానే ట్రిప్ అవుతోందంటే చాలాసార్లు లీడ్లు తారుమారైనందుకే.

చేసిన ప్రతి జాబ్‌నూ రికార్డులో రాసి, అదే వారం సంతకం చేయించుకోండి. ఏడాది చివర ఒకేసారి రాస్తే కొలతలు గుర్తుండవు, ప్రాక్టికల్ పరీక్షలో అడిగితే తడబడతారు.

పాసయ్యాక వెంటనే జీతం వెంట పడకుండా అప్రెంటిస్‌షిప్ చేయండి. ఐటీఐ వాళ్ళు కేంద్ర అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు కావాలి. ఒకేషనల్, డిప్లొమా వాళ్ళకు చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ బోర్డు చూస్తుంది. స్టైపెండ్ ఇస్తారు. కంపెనీతో ఒప్పందం పోర్టల్‌లో ఎక్కిందో లేదో చేరిన నెలలోనే చూసుకోండి. ఎక్కకపోతే ఏడాది పనిచేసినా అది అప్రెంటిస్‌షిప్ కింద లెక్కకు రాదు. రైల్వే టెక్నీషియన్, అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టులకు ఐటీఐ అర్హత పనికొస్తుంది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలకు జూనియర్ లైన్‌మెన్లను తీసుకున్నప్పుడు ఎలక్ట్రికల్, వైర్‌మన్ ఐటీఐతో పాటు కొన్ని ఎలక్ట్రికల్ ఒకేషనల్ కోర్సులనూ ఒప్పుకున్నారు. కరెంటు స్తంభం ఎక్కడం, సైకిల్ తొక్కడం, మీటరు రీడింగ్ చూడటం పరీక్షించారు. అలాంటి ఉద్యోగం మీద ఆశ ఉంటే స్తంభం ఎక్కడం శిక్షణలో ఉండగానే, బెల్టు కట్టుకుని, ఇన్‌స్ట్రక్టర్ కింద నిలబడి ఉండగా సాధన చేయండి.