రైలు మీ స్టేషన్ దాటిపోతే దూకకండి
చిన్న స్టేషన్లలో దిగేవాళ్ళకి ఒక మాట. బండి ఆగాల్సిన చోట ఆగకుండా ముందుకెళ్ళిపోతే కంగారుపడి దూకకండి, దయచేసి. 2023 మేలో కేరళలో వేణాడ్ ఎక్స్‌ప్రెస్ చెరియనాడ్ స్టేషన్ దాటిపోయాక ఆగి, వెనక్కి వచ్చి మరీ జనాన్ని దింపింది. దూరంగా ఆగినా ప్లాట్‌ఫాం లేని చోట, ముఖ్యంగా పక్క పట్టాల వైపు తలుపులోంచి అస్సలు దిగొద్దు, అటు ఇంకో రైలు ఎప్పుడొస్తుందో తెలీదు, పైగా ఆఖరి మెట్టు నుంచి కంకర మీదికి ఉండే ఎత్తు పెద్దవాళ్ళ మోకాళ్ళు తట్టుకోలేవు. వెనక్కి రాకుండా వెళ్ళిపోతుంటే టీటీఈకి చెప్పండి, ఆయన కనబడకపోతే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి రైలు నంబరు, బోగీ నంబరు ఇవ్వండి. తర్వాతి స్టేషన్లో దిగాక నేరుగా స్టేషన్ మాస్టర్‌ దగ్గరికి వెళ్ళండి, టికెట్ మాత్రం పారేయకండి, మీరు ఎక్కడ దిగాలో చూపించేది అదే.