షెంగెన్ టూరిస్ట్ వీసా రిజెక్ట్ అయితే: అప్పీలా, మళ్లీ అప్లికేషనా?

వీసా దరఖాస్తులు తీసుకునే కంపెనీ వీఎఫ్‌ఎస్ నుంచి వచ్చిన కవరు విప్పగానే అందరూ వెతికేది వీసా స్టిక్కర్ కోసం. అది లేనప్పుడు చదవాల్సింది పాస్‌పోర్టుతో పాటు వచ్చిన తిరస్కరణ పత్రాన్ని. షెంగెన్ దేశాలన్నిటిదీ, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాలన్నిటిదీ, ఒకే నమూనా: నంబర్లు వేసిన కారణాలు, మీకు వర్తించిన చోట టిక్కు, చివర్లో ఎక్కడికి, ఎన్నాళ్లలోగా అప్పీల్ చేసుకోవాలో. అది చేతికందిన తేదీ రాసిపెట్టుకుని, కవరు కూడా దాచండి. గడువు దగ్గర పేచీ వస్తే పనికొస్తుంది.

అప్పీల్ హక్కు షెంగెన్ వీసా కోడ్‌లోని (ఈ దేశాల ఉమ్మడి వీసా నిబంధనల్లోని) 32వ ఆర్టికల్‌ది. పద్ధతి మాత్రం వీసా కాదన్న దేశానిది. ఫ్రాన్స్‌కైతే 30 రోజులు. టూరిస్ట్ వీసా అప్పీల్ నాంత్ నగరంలోని వీసా అధికారికి ఫ్రెంచ్‌లో రాసి, సంతకం చేసి పంపాలి. రెండు నెలలు జవాబు రాకపోతే తిరస్కరించినట్టే లెక్క. ఆ తర్వాత నాంత్ కోర్టే. నెదర్లాండ్స్ 4 వారాలిస్తుంది. స్విట్జర్లాండ్ 30 రోజులిచ్చి, 200 ఫ్రాంకులు ముందే కట్టమంటుంది. జర్మనీ 2025 జులై 1 నుంచి 'రిమాన్‌స్ట్రేషన్' ఎత్తేసింది. అంటే కాన్సులేట్‌కే ఉచితంగా లేఖ రాసి మళ్లీ చూడమనే దారి ఇక లేదు, మిగిలింది బెర్లిన్ కోర్టులో దావా. పాత వీడియోలు చూసి ఇంకా మెయిళ్లు పెడుతున్నవాళ్లు కోర్టు గడువు పోగొట్టుకుంటున్నారు.

కాగితం తగ్గి రిజెక్ట్ అయితే అప్పీల్ దండగ. అది చేర్చి మళ్లీ అప్లై చేయడమే నయం. 90 యూరోల ఫీజు, సర్వీస్ ఛార్జీ పోతాయి, అంతే. పాత రిజెక్షన్ ఉన్నంత మాత్రాన కొత్త అప్లికేషన్‌ను కొట్టేయకూడదని వీసా కోడే చెబుతోంది. అయితే ఆ రికార్డు షెంగెన్ దేశాల కంప్యూటర్లో 5 ఏళ్లుంటుంది, దాచాలని చూడకండి. అప్పీల్‌కు దిగాల్సింది రెండు సందర్భాల్లో: ఫైల్లో ఉన్న పత్రాన్నే లేదన్నప్పుడు, మీ పత్రాలు నమ్మదగినవి కావని టిక్కు పెట్టినప్పుడు. రెండోదాన్ని వదిలేస్తే తర్వాతి ప్రతి అప్లికేషన్‌లోనూ అడ్డొస్తుంది.

అప్పీల్ లేఖ రెండు పేజీలు దాటనక్కర్లేదు. టిక్కు పెట్టిన కారణం నంబరు వేసి, దాని కిందే జవాబు, రుజువు. 'మాది పరువు గల కుటుంబం' లాంటి మాటలు ఎవరూ చదవరు.

3వ నంబరు, అంటే ఖర్చులకు తగిన డబ్బు చూపలేదన్నది, మనవాళ్లకు ఎక్కువగా బ్యాంకు స్టేట్‌మెంట్ దగ్గరే వస్తుంది. నెలకు 40 వేల జీతం పడే ఖాతాలో, అప్లికేషన్‌కు పది రోజుల ముందు ఒక్కసారిగా 4 లక్షలు పడితే అది అప్పు తెచ్చి చూపించినట్టే కనిపిస్తుంది. ఆ ఎంట్రీ పక్కన గుర్తు పెట్టి, ఎక్కడిదో చూపండి: పొలం అమ్మితే రిజిస్టర్డ్ సేల్ డీడ్, చిట్టీ ఎత్తితే కంపెనీ ఇచ్చిన పేమెంట్ వోచర్, ఎఫ్‌డీ తీస్తే క్లోజర్ అడ్వైస్. వీధిలో వేసుకున్న చిట్టీకి కాగితమే ఉండదు గనుక దాన్ని నమ్ముకోకండి.

2, 10 నంబర్లు ప్రయాణ కారణానివి. ఏజెంటు వేసిన హోటల్ బుకింగ్ ఫైలు ఇచ్చిన మర్నాడే క్యాన్సిల్ అయి, కాన్సులేట్ హోటల్‌ను అడిగితే దొరికిపోతుంది. కొత్త బుకింగ్, దానికి సరిపోయే రోజువారీ ప్లాన్ జతచేయండి. ప్రయాణం తేదీలు దాటిపోయుంటే కొత్తవి రాయండి.

అన్నిటికంటే మొండిది 13: తిరిగి వెళ్తారన్న నమ్మకం లేదు. దీనికి ఆస్తి విలువకంటే వెనక్కి రప్పించే పనే బలం. ఉద్యోగికి, ఏ తేదీన డ్యూటీలో చేరాలో రాసిన సెలవు మంజూరు లేఖ. వ్యాపారికి జీఎస్టీ రిటర్నులు. రైతుకు పట్టాదారు పాసుపుస్తకంతో పాటు తెలంగాణలో పహాణీ, ఆంధ్రలో అడంగల్. తెలుగు పత్రాలన్నిటికీ అనువాదం ఉండాలి. అనువాదంలో ఇంటిపేరు స్పెల్లింగ్ పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం సరిపోవాలి, లేకపోతే కొత్త అనుమానం మీరే పుట్టించినట్టు.

ఒరిజినల్స్ పంపకండి. ట్రాకింగ్ ఉన్న కొరియర్‌లో, గడువుకు కనీసం వారం ముందు చేరేలా పంపండి. కొన్ని దేశాలు పంపిన తేదీని కాదు, చేరిన తేదీనే లెక్కిస్తాయి.