సబ్సిడీ లెక్క చదవడం - 3వ పాఠం: విత్తని గోధుమకు వచ్చిన డబ్బు

కిందటి పాఠంలో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం, వాయవ్య మూలన ఉన్న థామస్ కౌంటీని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఎంచుకుని, కౌంటీ మొత్తానికి వచ్చిన సబ్సిడీ అంకెను ఎలా విడగొట్టాలో చూశాం. ఈసారి ఒక్క రైతు చేతికి అందే సొమ్ము దాకా దిగుదాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. చదివితే అర్థమైనట్టే ఉంటుంది, వేసి చూస్తే గాని చేతికి రాదు.

పథకం పేరు ప్రైస్ లాస్ కవరేజ్. పొట్టిగా పీఎల్‌సీ. 2014 వ్యవసాయ చట్టంతో మొదలైంది. పంటకు ఇంత అని చట్టమే ఒక రిఫరెన్స్ ధర రాసిపెడుతుంది. 2014, 2018 చట్టాల్లో గోధుమకు అది బుషెల్‌కు 5.50 డాలర్లు (బుషెల్ గోధుమంటే 27 కిలోల పైచిలుకు). దేశవ్యాప్త సగటు ధర దానికన్నా తగ్గితే ఆ తేడా రైతుకు ఇస్తారు. మన మద్దతు ధరలా ధాన్యం కొనడం ఇందులో లేదు. ప్రభుత్వం గింజ ముట్టుకోదు.

2019 పంటకు సగటు ధర 4.58 డాలర్లు పలికింది. తేడా 0.92. ఇంతవరకు చిన్నపిల్లల తీసివేత.

అసలు చిక్కు ఇక్కడ: ఆ 0.92ను దేనితో గుణించాలి? పండిన బుషెళ్లతో అని దాదాపు అందరూ అంటారు. తప్పు. ఆ పొలానికి ప్రభుత్వ వ్యవసాయ కార్యాలయం రికార్డులో ‘బేస్ ఎకరాలు’ అని ఉంటాయి. గతంలో ఆ భూమిలో ఏ పంట ఎంత వేశారన్నదాన్ని బట్టి ఖాయం చేసిన అంకె అది. దిగుబడి కూడా అలా రికార్డులో స్థిరపడినదే. ఈ ఏడాది రైతు జొన్న వేసినా, పొలాన్ని బీడుగా వదిలినా, గోధుమ బేస్‌కు గోధుమ డబ్బే వస్తుంది.

ఒక పొలం ఊహించుకుందాం. గోధుమ బేస్ 400 ఎకరాలు, రికార్డు దిగుబడి ఎకరాకు 35 బుషెళ్లు. చట్టం బేస్‌లో 85 శాతానికే చెల్లిస్తుంది కాబట్టి 340 ఎకరాలు.

0.92 × 35 × 340 = 10,948 డాలర్లు.

2019 వేసవిలో కోసిన పంటకు ఈ డబ్బు 2020 అక్టోబరు తర్వాత గాని రాదు. కౌంటీ సబ్సిడీ పట్టికలో ఒక ఏడాది అంకె చూసి అదే ఏడాది కరవుకు ముడిపెట్టేవారు బోల్తా పడేది ఇక్కడే.

ఏ పంట వేశారని అడగకుండా ఎకరాల మీద ఇవ్వడం తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధును గుర్తుచేస్తుంది. కాని రైతుబంధు పట్టాదారుకు వెళ్లింది, కౌలు రైతుకు దక్కలేదు. కాన్సాస్‌లో సాగు నష్టభయం ఎవరిదో డబ్బు వారిది. నగదు కౌలైతే మొత్తం కౌలుదారుకే. పంటలో వాటా ఉంటే భూమి యజమానికి తన వంతు. విన్నంతలో న్యాయంగానే ఉంది. అయితే మరుసటి ఏడు కౌలు మాట్లాడుకునేటప్పుడు ఆ పది వేల సంగతి యజమానికి తెలియకుండా ఉంటుందా?

పరిమితి కూడా ఉంది. 2018 చట్టం ప్రకారం ఒక వ్యక్తికి ఏడాదికి 1,25,000 డాలర్లు ఉండేది. మన పొలం లెక్కన బేస్ ఎకరాకు 27.37 డాలర్లు పడింది. భాగించి చూడండి: 4,567 ఎకరాలు దాటితే గాని ఆ గీత తగలదు. పైగా భాగస్వామ్య సాగులో అర్హత ఉన్న ఒక్కొక్కరికి ఒక్కో పరిమితి. అందుకే పట్టికలో ఒకే సంస్థ పేరిట పెద్ద మొత్తం కనిపిస్తే ‘పరిమితి దాటారు’ అని వెంటనే అనకండి. ముందు భాగస్వాములు ఎందరో లెక్కపెట్టండి.

అభ్యాసం: మొక్కజొన్న రిఫరెన్స్ ధర అప్పట్లో బుషెల్‌కు 3.70 డాలర్లు, 2019 పంట సగటు ధర 3.56. బేస్ 250 ఎకరాలు, రికార్డు దిగుబడి 100 బుషెళ్లు. వేసే ముందు మన గోధుమ పొలంకన్నా ఎక్కువ వస్తుందో తక్కువో ఊహించి కాగితం మీద రాయండి. జవాబు 2,975 రాకపోతే 85 శాతం మరిచి ఉంటారు.