జురా వైన్ పాడైందనుకుని పారబోసే ముందు

ఫ్రాన్స్‌లో స్విట్జర్లాండ్ బోర్డర్‌ని ఆనుకుని జురా అని చిన్న ప్రాంతం ఉంది, అక్కడి వాన్ జోన్, అంటే పసుపు వైన్, మొదటిసారి తాగినవాళ్ళు చాలామంది పాడైందనే అనుకుంటారు. మా తమ్ముడు అక్కడి ఆర్బువా అనే ఊరి నుంచి తెచ్చిన సీసా మూత తీసి, వాసన చూసి, సీదా సింక్ దగ్గరికి పట్టుకెళ్ళాడు, నేను చెయ్యి పట్టుకుని ఆపా.

సమస్య: మెంతులు వేయించిన వాసన, వాల్‌నట్ లాంటి చేదు, గట్టి పులుపు

కారణం: అది పాడవలేదండి, దాని రుచే అది. సావన్యాన్ ద్రాక్షతో చేస్తారు, మామూలుగా పీపాలో ఆవిరైపోయినంత మళ్ళీ నింపుతూ ఉంటారు కదా, దీనికి నింపరు, పైన ఈస్ట్ మీగడలా పొర కడుతుంది, కోత నుంచి కనీసం 6 ఏళ్ళ 3 నెలలు గడిస్తేగానీ సీసాలోకి రాదు. ఆ టైంలో సోటోలాన్ అనే పదార్థం తయారవుతుంది, మన మెంతులకి ఆ వాసన ఇచ్చేది కూడా అదే!

పరిష్కారం: ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తాగొద్దు, పులుపు తప్ప ఇంకేం తెలీదు. 15 డిగ్రీల దగ్గరికి రానివ్వండి, మూత పొద్దున్నే తీసి పెట్టి సాయంత్రం పొయ్యండి, పక్కన కోంతే చీజ్ గానీ క్రీమ్ వేసి వండిన చికెన్ గానీ ఉంటే ఆ మెంతి వాసనే ఎంత హాయిగా ఉంటుందో. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే వారాల తరబడి ఉంటుంది, గాలికి ముందే అలవాటు పడిపోయిన వైన్ కాబట్టి. లేబుల్ మీద ఊయే అని ఉంటే మాత్రం అది పీపా నింపుతూ చేసిన రకం, 3-4 రోజుల్లో తాగెయ్యాలి.

సమస్య: అడుగున పంచదార పలుకుల్లాంటివి

గాజు పెంకులు కావు. చింతపండులో పులుపిచ్చే టార్టారిక్ యాసిడే ద్రాక్షలోనూ ఉంటుంది, బాగా చల్లబడితే పలుకులు కడుతుంది. సీసా ఒక రోజు నిలబెట్టి మెల్లగా వంచుకోండి, చాలు.

సమస్య: రెడ్ అని కొంటే రోజాలా పల్చటి రంగు

ఆ రెడ్ చేసే పూల్సార్ అనే ద్రాక్షకి తొక్కే పల్చన, మోసమేం లేదు.

సమస్య: సీసా చిన్నగా ఉంది, ఎన్ని తెచ్చుకోవచ్చు?

వాన్ జోన్ సీసాని క్లావ్‌లాన్ అంటారు, అందులో 62 సెంటీలీటర్లే పడుతుంది. ఇండియా కస్టమ్స్‌లో మనిషికి 2 లీటర్లు డ్యూటీ లేకుండా వదులుతారు, మామూలు 750 మిల్లీ సీసాలైతే రెండే వస్తాయి, క్లావ్‌లాన్‌లు మూడు వస్తాయి, 1.86 లీటర్లు. చెకిన్ బ్యాగ్ మధ్యలో, ఒక్కోదాన్ని కవర్లో కట్టి బట్టల్లో చుట్టి పెట్టండి.

సమస్య: కార్క్ పైకి తన్నుకొచ్చి, మెడ దగ్గర జిగటగా కారింది

ఎండ దెబ్బ. మే నెలలో ఎయిర్‌పోర్ట్ నుంచి వస్తూ దారిలో భోజనానికి ఆగి సీసాలు కారు డిక్కీలో వదిలేస్తే ఇదే జరుగుతుంది. నిలవ పెట్టొద్దు, ఆ వారంలోనే తీసి చూడండి. ఇంట్లో అటక మీద మాత్రం పెట్టకండి ప్లీజ్, వేరే చోటు లేకపోతే ఫ్రిజ్ కింది అరే నయం.

సమస్య: తడిసిన అట్టపెట్టె వాసన

ఇది కార్క్ లోపం, ఎంతసేపు గాలికి పెట్టినా పోదు. ఇంకా ఫ్రాన్స్‌లోనే ఉంటే సీసా తీసుకుని కొన్న షాప్‌కే వెళ్ళండి, ఇంటికొచ్చాక తెలిస్తే పారబొయ్యడమే.