బ్లడ్ కల్చర్ రిపోర్టు చదవడం – 4వ పాఠం: ఎస్, ఐ, ఆర్ గళ్లకు ముందూ వెనకా

బ్లడ్ కల్చర్ అంటే రక్తాన్ని సీసాల్లో పోసి, అందులో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష. ముందు పోయిన పాఠం చివర ఇచ్చిన ప్రశ్న సంగతి చూద్దాం: పెరిగిన క్రిమి నిజంగా రక్తంలోదేనా, ఒక్క సెట్టే తీసి ఉంటే ఏం చెప్పగలం? రెండు చేతుల నుంచి రెండు సెట్లు (సెట్టుకి రెండు సీసాలు) తీశారు. నాలుగు సీసాల్లో ఒక్కదాంట్లోనే, అదీ 40 గంటల తర్వాత, కోయాగులేజ్ నెగెటివ్ స్టెఫైలోకాకస్ పెరిగింది. పేషెంటుకి సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) లేదు, జ్వరం కూడా తగ్గింది. ఇది దాదాపుగా చర్మం మీద నుంచి సీసాలోకి జారిన క్రిమే. అదే క్రిమి రెండు సెట్లలోనూ వచ్చినా, పేషెంటుకి లైన్ గానీ కృత్రిమ గుండె కవాటం గానీ ఉన్నా ఇంత తేలిగ్గా కొట్టిపారేయలేం. చాలామంది జవాబు సరిగ్గానే రాశారు. కానీ 'ఒక్క సెట్టే తీసి ఉంటే?' అన్న రెండో భాగాన్ని వదిలేశారు. ఒక్క సెట్టే ఉంటే ఏదీ తేల్చి చెప్పలేం. అనుమానంతోనే వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ మొదలవుతుంది, ఆపే ధైర్యం ఎవరికీ రాదు.

ఇప్పుడు రిపోర్టు చేతికొచ్చింది. వార్డులో అందరి కళ్లూ నేరుగా ఎస్, ఆర్ గళ్ల మీదకే పోతాయి. ఎస్ అంటే ఆ మందుకి క్రిమి లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు, ఐ ఆ రెండిటి మధ్యది. అటెండెంట్లు ఫోన్‌లో ఫోటో తీసుకుని, ఆర్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి టెన్షన్ పడుతుంటారు. మనం మాత్రం పైనుంచి కిందికి చదువుదాం.

పై నాలుగు వరుసలు

శాంపిల్ ఎక్కడి నుంచి తీశారు, ఎప్పుడు తీశారు, అప్పటికే యాంటీబయాటిక్ పడిందా, మెషీన్ పాజిటివ్ అని ఎన్ని గంటలకు చూపింది. ఈ నాలుగూ రాయని రిపోర్టు సగం రిపోర్టే. సెంట్రల్ లైన్ నుంచి ఒకటి, చేతి నరం నుంచి ఒకటి ఒకే సమయంలో తీసినప్పుడు నాలుగో వరుసకు చాలా విలువ ఉంటుంది. రెండింట్లోనూ ఒకే క్రిమి వచ్చి, లైన్ సీసా చేతి సీసా కంటే కనీసం 2 గంటలు ముందు పాజిటివ్ అయితే, క్రిమి లైన్‌లోనే కాపురం పెట్టిందని అనుమానించాలి. రెండు సీసాల్లోనూ రక్తం సమానంగా పోసి ఉంటేనే ఈ లెక్క పనికొస్తుంది. ఒకదాంట్లో 10 మిల్లీలీటర్లు, ఇంకోదాంట్లో 3 పోస్తే గంటల తేడాకి అర్థం లేదు.

గ్రామ్ స్టెయిన్ ఫోన్ కాల్

సీసా పాజిటివ్ కాగానే ల్యాబ్ వాళ్లు స్లైడ్‌కి రంగు వేసి (అదే గ్రామ్ స్టెయిన్) మైక్రోస్కోపులో చూసి వార్డుకి ఫోన్ చేస్తారు. పూర్తి రిపోర్టు కంటే ఇది ఒకటి రెండు రోజులు ముందే వస్తుంది. అందుకే నా ఉద్దేశంలో మొత్తం పరీక్షలో అన్నిటికంటే విలువైన సమాచారం ఇదే. రాత్రి డ్యూటీలో ఎవరో ఎత్తి, "ఏదో పాజిటివ్ అన్నారు" అని ఊరుకుంటే ఆ విలువంతా పోయినట్టే. విన్నది ల్యాబ్ వాళ్లకే తిరిగి చదివి వినిపించండి. టైము, చెప్పినవాళ్ల పేరు కేస్ షీట్‌లో రాసి, వెంటనే డ్యూటీ డాక్టరుకి చెప్పండి. గుత్తులుగా ఉన్న గ్రామ్ పాజిటివ్ కాకై (గుండ్రటి క్రిములు) అంటే స్టెఫైలోకాకస్ జాతి. గ్రామ్ నెగెటివ్ బాసిలై (కడ్డీల్లాంటి క్రిములు) అంటే ఈకోలై, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ లాంటివి. మొగ్గలు తొడిగిన ఈస్ట్ అంటే కాండిడా అనే ఫంగస్ అనుకోవాలి, ఇక యాంటీబయాటిక్ ఒక్కటే సరిపోదు.

క్రిమి పేరు

స్టెఫైలోకాకస్ ఆరియస్, కాండిడా ఒక్క సీసాలో వచ్చినా చర్మం నుంచి వచ్చిందేలే అని వదిలేయకూడదు. ఆరియస్ వస్తే మందు మొదలుపెట్టాక కూడా, రక్తంలో లేదని తేలేదాకా మళ్లీ మళ్లీ కల్చర్ పంపాలి. గుండె ఎకో గురించి కూడా అడగాలి.

ఇక ఎస్, ఐ, ఆర్

మందు పేరు పక్కన ఒక అంకె, దాని పక్కన అక్షరం ఉంటాయి. ఆ అంకె ఎంఐసీ. క్రిమి పెరగకుండా ఆపడానికి మిల్లీలీటరుకు కనీసం ఎన్ని మైక్రోగ్రాముల మందు కావాలో అది చెబుతుంది. అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే: అంకె ఏ మందుకి తక్కువ ఉంటే అదే గొప్ప మందు అనుకుంటారు. ఎకరానికి 8 క్వింటాళ్ల కంది పండితే రైతు సంతోషిస్తాడు, 8 క్వింటాళ్ల వడ్లు పండితే మునిగిపోతాడు. అంకె ఒకటే, పంట వేరు. క్లెబ్సియెల్లాకి సిప్రోఫ్లాక్సాసిన్ 0.5 అంటే, సీఎల్ఎస్ఐ (ఈ ప్రమాణాలు రాసే అమెరికా సంస్థ) పట్టిక ప్రకారం, 'ఐ'. అమికాసిన్ 4 అంటే 'ఎస్'. చిన్న అంకె ఉన్న మందే ఇక్కడ వెనకబడింది. కాబట్టి రెండు మందుల అంకెల్ని ఎప్పుడూ పోల్చకండి.

సిప్రో మాట వచ్చింది కాబట్టి ఒక పక్క సంగతి. ఈకోలై, క్లెబ్సియెల్లాలకు ఈ మందు 1 మైక్రోగ్రాము దగ్గరే 'ఆర్' మొదలవుతుంది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో, మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వదిలిన నీటిలో ఇదే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో అచ్చయిన ఒక అధ్యయనం చెప్పింది. మన యూనిట్లలో చెప్పుకుంటే మిల్లీలీటరుకు 31 మైక్రోగ్రాములు! ఎంఐసీ అంకె అర్థమైతే ఇలాంటి వార్తలు కూడా వేరుగా కనిపిస్తాయి.

'ఐ' అంటే సగం పనిచేసే మందు అని చదువుతుంటారు. యూరప్ ప్రమాణాలు రాసే యూకాస్ట్ 2019లో దాని అర్థాన్నే మార్చేసింది: డోసు పెంచితేనో, మందు ఎక్కువగా చేరే చోటనో పనిచేస్తుంది అని. కొలిస్టిన్ సంగతి మరీ విచిత్రం. క్లెబ్సియెల్లా లాంటి వాటికి 2020 నుంచి సీఎల్ఎస్ఐ పట్టికలో కొలిస్టిన్‌కి 'ఎస్' అనేదే లేదు. ఎంత మంచి ఫలితమైనా 'ఐ' దగ్గరే ఆగుతుంది. అది చూసి "కొలిస్టిన్ కూడా పోయింది" అని ఇంటివాళ్లకి చెప్పారంటే, లేని భయాన్ని పుట్టించినవాళ్లం అవుతాం.

భయపడనక్కర్లేని 'ఆర్' కూడా ఉంది. క్లెబ్సియెల్లా పుట్టుకతోనే ఆంపిసిలిన్‌కి లొంగదు. ప్రోటియస్ కొలిస్టిన్‌కి లొంగదు. అవి ఆసుపత్రిలో నేర్చుకున్న విద్యలు కావు, లెక్కలోంచి తీసేయండి.

తిరగేస్తే, నమ్మకూడని 'ఎస్' కూడా ఉంది. టైగిసైక్లిన్ కణజాలంలోకి బాగా వెళ్తుంది కానీ రక్తంలో తక్కువగా నిలుస్తుంది. అందుకే బ్లడ్ కల్చర్ రిపోర్టులో దాని ఎదురుగా 'ఎస్' ఉన్నా అదొక్కటే ఇచ్చి ఊరుకోవడం మంచిది కాదు. సెఫ్ట్రియాక్సోన్ 'ఆర్', పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ 'ఎస్' అన్న జోడీ దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సరిగ్గా ఇలాంటి ఈకోలై, క్లెబ్సియెల్లా రక్త ఇన్ఫెక్షన్ల మీద మెరినో అనే ట్రయల్ జరిగింది, ఫలితాలు 2018లో వచ్చాయి. 30 రోజుల్లో పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ తీసుకున్నవాళ్లలో 12.3 శాతం, మెరోపెనెమ్ తీసుకున్నవాళ్లలో 3.7 శాతం చనిపోయారు. ల్యాబ్ ప్లేటు మీద రెండు మందులకీ మార్కులు పడ్డాయి, మంచం మీద మాత్రం తేడా తెలిసింది.

మరి మెరోపెనెమ్ కూడా 'ఆర్' అయితే? అప్పుడు ల్యాబ్‌ని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మందుని విరగ్గొడుతున్నది ఏ ఎంజైము? మన దేశంలో ఎక్కువగా ఎదురయ్యేవి ఎన్‌డీఎం (న్యూఢిల్లీ మెటలో-బీటా-లాక్టమేజ్), ఆక్సా-48 రకాలు. ఆక్సా-48 అయితే సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ సాధారణంగా పనిచేస్తుంది. ఎన్‌డీఎం అయితే అదొక్కటే పనిచేయదు, అజ్ట్రియోనామ్ జత కలపాలి. ఈ ఎన్‌డీఎంని మొదట గుర్తించింది, ఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ తిరిగి వెళ్లిన ఒక పేషెంటు నుంచి 2008లో తీసిన క్లెబ్సియెల్లాలో. పేరులో ఊరు పెట్టినందుకు పెద్ద గొడవే జరిగింది. పేరు ఏదైనా ఐసీయూలో అడగాల్సిన ప్రశ్న మారదు.

మందు ఎంచడం చికిత్స చేసే డాక్టరు పని. సరైన ప్రశ్నని సరైన గంటలో వాళ్ల ముందు పెట్టడం ఈ పాఠం నేర్పే పని.

అభ్యాసం

ఇది పాఠం కోసం అల్లిన రిపోర్టు. ఐసీయూ పేషెంటు, మెడలో సెంట్రల్ లైన్. లైన్ నుంచి, చేతి నుంచి ఒకేసారి, సమానంగా రక్తం తీశారు. లైన్ సీసా 9 గంటలకు, చేతి సీసా 12 గంటలకు పాజిటివ్. రెండింట్లోనూ క్లెబ్సియెల్లా న్యుమోనియే. ఆంపిసిలిన్ ఆర్. సెఫ్ట్రియాక్సోన్ 64, ఆర్. పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ 8, ఎస్. మెరోపెనెమ్ 0.25, ఎస్. అమికాసిన్ 2, ఎస్. టైగిసైక్లిన్ 0.5, ఎస్. కొలిస్టిన్ 0.5, ఐ.

ఇందులో లెక్కలోంచి తీసేయాల్సిన 'ఆర్' ఏది? డాక్టరుని ఆపి అడగాల్సిన 'ఎస్'లు ఏవి, ఎందుకు? మందు కాకుండా ఈ పేషెంటు విషయంలో వెంటనే నిర్ణయించాల్సిన ఇంకో సంగతి ఏమిటి? మూడో దానికి జవాబు మందుల పట్టికలో దొరకదు, పై నాలుగు వరుసల్లో వెతకండి.