గెడ్డ ఊరి మీద పడ్డాక ముందు ఇల్లు కట్టకండి

గెడ్డ, అంటే కొండవాగు, పొంగి నీళ్లు తీయగానే అందరూ చేసే పని ఒకటే, కూలిన గోడ రాళ్లు పక్కకు లాగి పాత పునాది మీదే మళ్లీ మొదలెట్టేయడం. ఆగండి. ముందు ఫొటోలు తీయండి, ఇంటివాళ్లు పక్కన నిలబడితే ఇంకా మంచిది. ఒక ఊళ్లో మేం ఉత్సాహం కొద్దీ రెండ్రోజుల్లో మట్టంతా ఎత్తి పారేశాం, తీరా నష్టం రాసుకోవడానికి వచ్చినాయన "ఇక్కడ ఇల్లుండేదా?" అని అడిగాడు. ఏం చూపిస్తాం?

తర్వాత ఊళ్లో పెద్ద ముసలమ్మని వెంటబెట్టుకుని గెడ్డ పొడవునా నడవండి. ఆమె చిన్నప్పుడు నీళ్లు ఎటు పారేవో, ఏ బండ దాకా వచ్చేవో అడిగి, ఈసారి బురద మరక ఎక్కడిదాకా ఉందో చూసి, ఆ గీత మీద రాళ్లకు సున్నం కొట్టండి. గీత కింద ఇల్లు వద్దని గ్రామసభలో తీర్మానం రాయించుకోవాలి, గొడవలవుతాయి, అయినా సరే ఇప్పుడే అవనివ్వండి. కేదార్‌నాథ్ దారిలో మందాకిని ఒడ్డునే దుకాణాలూ లాడ్జీలూ కట్టుకున్న రాంబాడా, 2013 జూన్ వరదకు ఆనవాలు లేకుండా పోయింది.

ఇక పని వరస: తాగునీళ్లు, దారి, ఆ తర్వాతే ఇళ్లు. ఊట దగ్గర తొట్టి కడిగి పైపులు అతికించేదాకా నీళ్లు కాచుకునే తాగాలి. దారి కోసం ఎవరో వస్తారని కూర్చోకండి. 2024 సెప్టెంబర్ వానలకు అల్లూరి జిల్లా సీలేరు ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడి రాకపోకలే ఆగిపోయాయి, మండల కేంద్రానికే దారి లేనప్పుడు మీ ఊరికి జేసీబీ ఎప్పుడొస్తుంది? ఇంటికొకరు శ్రమదానానికి రావాలి, రాలేని ఇల్లు వంట చూసుకోవాలి.

దారి పక్క గోడ సిమెంటు లేకుండా ఉత్త రాళ్లతో పేర్చడమే మేలు, వాన నీళ్లు సందుల్లోంచి కారిపోతాయి, సిమెంటు గోడకు నీళ్లు పోయే రంధ్రాలు వదలకపోతే వెనక మట్టి నాని గోడనే తోసేస్తుంది. కింద వెడల్పు ఎక్కువ పెట్టి, పైకి పోయేకొద్దీ కొండ వైపు కొంచెం వాల్చండి. ప్రతి రెండు మూడు వరసలకీ అక్కడక్కడా గోడ మందమంతా పట్టే పొడుగు రాయి ఒకటి అడ్డంగా వేయాలి, లేకపోతే గోడ మధ్యకు చీలి పొట్ట పోసుకుంటుంది. గెడ్డ దాటేచోట చిన్న తూములు వేయొద్దు, మొదటి దుంగ అడ్డం పడగానే మూసుకుపోతాయి.

అడవి భూమి అని ఎవరైనా ఆపితే, 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చూపించండి. రోడ్డు, తాగునీటి పైపులు, బడి, అంగన్‌వాడీ లాంటివాటికి ఒక్కోదానికి హెక్టారు లోపు భూమి ఇవ్వొచ్చు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు తప్పనిసరి. సొంత ఇళ్లకు మాత్రం ఇది వర్తించదు.

సాయం చేస్తామని ఫోన్ చేసేవాళ్లకు "మీ ఇష్టం" అనకండి, పాత చీరల మూటలు దిగుతాయి. గునపాలు, పారలు, తట్టలు, టార్పాలిన్లు, ఎన్ని కావాలో లెక్కతో చెప్పండి. వచ్చిన ప్రతి రూపాయీ బడి గోడ మీద బొగ్గుతో రాయండి, ఎవరిచ్చారు, దేనికి పోయింది. పుస్తకంలో రాస్తే ఆ పుస్తకం ఎవరింట్లో ఉందన్నదే పెద్ద తగువవుతుంది.