పేగు జబ్బు ఉన్నవాళ్లు నోట్‌బుక్ ఎలా రాసుకోవాలి

నేను ఖమ్మంలో బస్సు కండక్టర్ని. 2014లో నాకు విరేచనాల్లో రక్తం పడటం మొదలైంది. మొలలేమో అనుకుని ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్లకు మోకాలు, చీలమండ వాచాయి. రోజంతా బస్సులో నిలబడే ఉద్యోగం కదా, అందుకే అనుకుని మా వీధి ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి మాత్రలు తెచ్చుకున్నాను. రక్తం ఇంకా ఎక్కువైంది. ఆ తర్వాత ఎడమ కన్ను ఎర్రబడితే కండ్లకలక అనుకుని మందుల షాపులో చుక్కలు కొన్నాను. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. ఒక్కో బాధకు ఒక్కో చోటికి తిరిగాను.

చివరికి కన్ను చూసిన డాక్టరమ్మే అడిగింది: "మీకు విరేచనాల్లో రక్తం పడుతోందా?" కంటి డాక్టరు ఆ మాట ఎందుకు అడుగుతోందో నాకు అర్థం కాలేదు. ఆమె రాసిచ్చిన చీటీతోనే పేగుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూడటం), బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేసి అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు. పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు ఇది. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే పేగు మీదికి తిరగబడుతుంది. ఆ వాపు పేగుతో ఆగదు. కీళ్లకు, కంటికి, చర్మానికి, కాలేయానికి కూడా పాకవచ్చు. నాలుగేళ్లు విడివిడిగా చూపించుకున్నవన్నీ ఒకే జబ్బు పనులని ఆ రోజు తెలిసింది.

అందుకే నోట్‌బుక్ మొదలుపెట్టాను. ఒక పేజీ ఒక వారానికి. రోజుకు ఎన్నిసార్లు విరేచనానికి వెళ్లారో రాయండి. రాత్రి నిద్రలోంచి లేచి వెళ్లినవి విడిగా రాయండి. మామూలు అజీర్తి, టెన్షన్ వల్ల వచ్చే ఇబ్బంది సాధారణంగా నిద్ర లేపదు. కాబట్టి డాక్టరుకు ఆ అంకె చాలా పనికొస్తుంది. రక్తం చారగా ఉందా, చుక్కలుగా ఉందా, అంతా రక్తమేనా అన్నది రాయండి. సిగ్గుపడకండి. ఐరన్ మాత్రలు వాడుతుంటే విరేచనం నల్లగా వస్తుంది. అందుకని మాత్ర మొదలుపెట్టిన తేదీ పక్కనే రాసుకోండి.

పేజీలో సగం పేగు బయటి సంగతులకు వదలండి. నేను గట్టిగా చెప్పేది ఇదే, ఎందుకంటే డాక్టరు ముందు కూర్చున్నప్పుడు మనం చెప్పడం మర్చిపోయేవి ఇవే. ఏ కీలు వాచింది? పేగు బాధ పెరిగిన వారంలోనే వాచిందా? మోకాలు, చీలమండ లాంటి పెద్ద కీళ్ల వాపు చాలాసార్లు పేగుతో పాటే పెరిగి, పేగుతో పాటే తగ్గుతుంది. పొద్దున లేవగానే నడుం బిగుసుకుపోయి, నడిస్తే సడలడం వేరే సంగతి. అది పేగు బాగున్నా రావచ్చు. మోకాళ్ల కింద కాలి ముందువైపు ఎర్రటి, ముట్టుకుంటే నొప్పెట్టే గడ్డలు, నోటిపూత, తగ్గిన బరువు కూడా రాయండి.

కొన్ని మాత్రం రాసి ఊరుకునేవి కావు. కన్ను ఎర్రబడి నొప్పి పుడుతూ, వెలుతురు చూడలేకపోతే, చూపు మసకబారితే అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. చుక్కలు మీరే వేసుకోకండి. ఒక పిక్క వాచి నొప్పిగా ఉన్నా, ఉన్నట్టుండి ఊపిరాడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఈ జబ్బులో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. రోజుకు 6 సార్లు, అంతకు మించి రక్తంతో విరేచనాలై, తోడుగా జ్వరం లేదా గుండెదడ ఉంటే తెల్లారేదాకా ఆగకండి. కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దురద పెట్టినా ఆలస్యం చేయకుండా చూపించుకుని కాలేయం పరీక్ష గురించి అడగండి.

మందుల వరస వెనక పేజీలో. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు పేగును రెచ్చగొట్టవచ్చు. నాకు మొదట్లో జరిగింది అదేనని ఇప్పటికీ అనుకుంటాను. కీలు నొప్పి పుట్టినా డాక్టర్ని అడగకుండా వేసుకోకండి. స్టెరాయిడ్ మొదలుపెట్టిన రోజు, డోసు తగ్గించిన రోజు రాయండి. దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు. ఎక్కువకాలం వాడితే ఎముకలు గుల్లబారవచ్చు, కాబట్టి కాల్షియం, విటమిన్ డి సంగతి అడగండి. పేగు వాపును అదుపులో ఉంచే మందు మెసలమిన్ అయితే బాగున్నామనిపించినా మానొద్దు. నేను ఒకసారి రెండు నెలలు మానేశాను, హిమోగ్లోబిన్ 7.8కి పడిపోయింది.

రిపోర్టుల్లోంచి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష), విరేచనంలో చేసే కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపును చూపేది) అంకెలు తేదీలతో ఒకే వరసలో ఎక్కించుకోండి. విడిగా చూస్తే అర్థంకాని అంకె, పాతదాని పక్కన పెడితే అర్థమవుతుంది. జబ్బు మొదలై 8 ఏళ్లు దాటితే పెద్దపేగు క్యాన్సర్ కోసం కొలనోస్కోపీ ఎప్పుడెప్పుడు చేయించుకోవాలో అడిగి, ఆ తేదీని అట్ట మీదే పెద్దగా రాయండి.

నోట్‌బుక్ ఎక్కడుందో ఇంట్లో ఒకరికైనా తెలియాలి. మాది క్యాలెండర్ మేకుకే దారంతో వేలాడుతుంది. నేను డ్యూటీలో ఉన్నప్పుడు అవసరమైతే మా ఆవిడ పేజీ ఫోటో తీసి డాక్టరుకు పంపిస్తుంది.